చూసినవారెందరు? మిగిలినదేమిటి?

చరిత్రలో అత్యధికులు తిలకించిన ప్రత్యక్ష ప్రసారాల ప్రస్తావన రాగానే ముందుగా వినిపించేది ఒక అంకె. 1969 జూలైలో చంద్రునిపై మానవుడు తొలి అడుగు వేసిన దృశ్యాన్ని సుమారు 60 కోట్ల మంది చూశారంటారు. 1997 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన డయానా అంత్యక్రియల విషయంలో ఆ అంకె 250 కోట్లకు చేరింది. ఇటువంటి అంకెలను చరిత్ర ఎంతవరకు సాక్ష్యంగా స్వీకరించవచ్చునన్నది విచారించదగిన ప్రశ్న.

డయానా అంత్యక్రియలను బ్రిటన్‌లో దాదాపు 3.2 కోట్ల మంది చూశారు. ఇది ఎంపిక చేసిన గృహాలలో నమోదైన వీక్షణను బట్టి కట్టిన లెక్క. 250 కోట్ల అంకెకు అటువంటి పునాది లేదు. అన్ని దేశాల ప్రేక్షకులను ఒకే పద్ధతిన గణించే యంత్రాంగమే లేనప్పుడు, చూడగలిగినవారందరూ చూసినవారుగా మారిపోవడం కద్దు.

చంద్రయాత్రకు సంబంధించిన 60 కోట్ల అంచనాను యథాతథంగా అంగీకరించినా, నాటి ప్రపంచ జనాభా సుమారు 360 కోట్లు. అనగా ఆరుగురిలో అయిదుగురు ఆ దృశ్యాన్ని చూడలేదు. సోవియట్ యూనియన్, చైనా ప్రజలకు ఆ ప్రత్యక్ష ప్రసారం అందలేదు. భారతదేశంలో 1959లో ఆరంభమైన టెలివిజన్ అప్పటికింకా ఢిల్లీ దాటలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగుపెట్టినప్పుడు మన గడియారాలలో జూలై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలు. తెలుగువారికి ఆ ఘట్టం ఆకాశవాణి ద్వారా, వార్తాపత్రికల ద్వారా తెలిసినదే గాని కంట చూసినది కాదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసినది 1977లో. 'ప్రపంచమంతా చూసింది' అన్న మాట, టెలివిజన్ సెట్లు గల సమాజాలు తమ్ము తామే ప్రపంచంగా భావించుకున్న తీరుకు నిదర్శనం.

చూసినవారికైనా దక్కినది మూలరూపం కాదు. చంద్రునిపైనున్న కెమెరా సెకనుకు 10 చిత్రాలను మాత్రమే పంపేది. అది సాధారణ టెలివిజన్ ప్రమాణానికి సరిపడదు. అందువల్ల భూకేంద్రంలో తెరపై కనిపించిన బొమ్మను మరొక కెమెరాతో తిరిగి చిత్రించి ప్రసారం చేశారు. ఆ మార్పిడిలో స్పష్టత తగ్గింది. తొలి అడుగు దృశ్యాన్ని ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్ కేంద్రం అందుకున్నది. కొద్ది నిమిషాల తరువాత పార్క్స్ రేడియో టెలిస్కోపు ఆ బాధ్యతను స్వీకరించింది. మార్పిడికి ముందటి మేలైన దృశ్యం భూకేంద్రాలలోని టేపులపై మాత్రమే నిలిచింది.

ఆ టేపులు నేడు లేవు. ఎంతో కాలం అన్వేషించిన పిమ్మట, అవి బహుశా చెరిపివేయబడి తిరిగి వినియోగంలోకి వెళ్లి ఉంటాయని 2009లో నాసా ప్రకటించింది. టెలివిజన్ సంస్థల వద్ద మిగిలిన ప్రతులనే మెరుగుపరచి విడుదల చేశారు. కోట్లాది నేత్రాలు సాక్షిగా నిలిచిన ఘట్టానికి మూలపత్రం లేకుండా పోవడానికి శత్రువుల కుట్ర గాని, అగ్నిప్రమాదం గాని కారణం కాదు. టేపుల కొరత, దైనందిన పొదుపు. కార్యాలయ నిర్వహణ తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఆందోళన మాత్రం కలిగించాలి.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన వేళ యూట్యూబ్‌లో ఏకకాలంలో 80 లక్షలకు పైగా వీక్షణలు నమోదయ్యాయి. ఇది ఊహ కాదు, లెక్క. ఒక్కొక్క తెర ముందు ఎందరు కూర్చున్నారో ఈ లెక్కా చెప్పదు. ప్రేక్షకుల సంఖ్య ఆనాటి ఉత్సాహానికి కొలమానం కాగలదు. రేపటి చరిత్రకారునికి కావలసినది మాత్రం చెరగని టేపు, దాని వెంట తేదీ, వివరం గల ఒక చీటీ. ఆ చీటీ రాయవలసిన బాధ్యత ప్రేక్షకులది కాదు, భద్రపరిచే సంస్థలది.