పొదుపు చిత్రములలో హాస్యము

చలికి వణకుచున్న వానితో “బొగ్గు తక్కువగా కాల్చుము” అని చెప్పి, పైగా వానిని నవ్వించుట యెట్లు? రెండవ ప్రపంచయుద్ధము ముగిసినను ఈ చిక్కు ఇంగ్లండు ప్రభుత్వమును వీడలేదు. 1947 జనవరి 1న బొగ్గుగనులు జాతీయము చేయబడెను. మరుసటి నెలలోనే మంచుచే రవాణా స్తంభింపగా, కర్మాగారములకే గాక యిండ్లకును పగలు కొన్ని గంటలు విద్యుత్తు నాపివేసిరి. 1946లో ఏర్పడిన కేంద్ర సమాచార కార్యాలయము ఇట్టి కాలమున చిన్న చిత్రముల ద్వారా ప్రజలకు హితము చెప్పుచుండెను.

ఆ చిత్రముల హాస్యమునకు బాట వేసినవాడు రిచర్డ్ మాసింగ్‌హామ్. ఇతడు వైద్యుడు, చికిత్స మాని చిత్రములు తీసి, వానిలో తానే నటించెను. యుద్ధము నడుమ, 1942లో, ఇతడు తీసిన ‘ఫైవ్ ఇంచ్ బేదర్’ అను చిత్రము ఐదంగుళముల వేడినీటితోనే స్నానము ముగింపవలెనని బోధించును. అచ్చట స్నానమనగా తొట్టి నిండ నీరు పోసికొని అందు మునిగియుండుట. కాగులోని నీళ్లు చెంబుతో పోసికొను మనకు ఆ కష్టము వెంటనే బోధపడదు. స్థూలకాయుడైన మాసింగ్‌హామ్ ఆ కొద్దినీటిలోనే మహానందము ననుభవించును. వికృతమైన వేషచేష్టాదులు హాస్యమునకు విభావములని భరతుడు చెప్పెను గదా. ఇచ్చట ఆ వికృతిని ఉపదేశకుడే తనపై వేసికొన్నాడు. త్యజించినదియు తన సుఖమునే. అందుచేత ప్రేక్షకునికి కోపము రాదు. పండ్లు కనబడని స్మితము మాత్రము కలుగును. ఇంతకన్న ఎక్కువ నవ్వించినచో నీటి సంగతియే మరచిపోవుదుము.

హాలస్, బాచిలర్ దంపతుల బొమ్మలచిత్రములలోని చార్లీ వేరు. అతడు సామాన్యపౌరుడు, తొలుత సణుగును, తుదకు ఒప్పుకొనును. 1949లో బొగ్గునుగూర్చి ‘చార్లీస్ బ్లాక్ మాజిక్’ వెలువడెను. రేఖలలో చాతుర్యమున్నది, కాని నాకు ఈ పద్ధతి నచ్చదు. సణుగుటకు న్యాయమైన కారణ మున్నప్పుడు సణుగువానిని అజ్ఞానిగా జేసి నవ్వించుట హాస్యము కాదు, మందలింపునకు వేసిన రంగు. అదియుగాక, చాలని బొగ్గుతో వంట ముగించి, పిల్లలకు చలి తగులకుండ చూచుకొనవలసినది గృహిణి. చార్లీని ఒప్పించినంత మాత్రమున ఆమె పొయ్యిలో నిప్పు పెరుగునా? ఆమె సణుగుడును ఎవరు వినవలెను?

మాసింగ్‌హామ్ 1953లో మరణించెను. బొగ్గు రేషను మరి యైదేండ్లకు, 1958లో గాని తొలగలేదు.