అయిదు వాక్యాల పనితనం

2017 జూన్ 29న భూటాన్ విదేశాంగ శాఖ ఒక పత్రికా ప్రకటన విడుదల చేసింది. అందులో ఉన్నవి అయిదే వాక్యాలు. అప్పటికే దాదాపు రెండు వారాలుగా డోక్లాం పీఠభూమి మీద భారత, చైనా సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మన టీవీ చానళ్లలో యుద్ధం వచ్చేసినంత హడావుడి. బీజింగ్ నుంచి రోజుకో హెచ్చరిక. ఎవరి నేల కోసం ఇంత గొడవ జరుగుతోందో ఆ దేశం, ఎనిమిది లక్షల జనాభా కూడా లేని దేశం, నోరు విప్పితే ఏమంటుందా అని అందరూ చూస్తున్న సమయమది. దౌత్య భాషలో ఇంత పొందికగా అల్లిన ప్రకటనను నేను అరుదుగా చదివాను. ఒక్కో వాక్యాన్నీ నెమ్మదిగా చూడాలి.

మొదటి వాక్యంలో తేదీ, స్థలం, జరిగిన పని తప్ప మరేమీ లేవు. జూన్ 16న చైనా సైన్యం డోకోలా దగ్గర నుంచి జోంపెల్రిలోని భూటాన్ సైనిక శిబిరం వైపు వాహనాలు నడిచే రోడ్డు వేయడం మొదలుపెట్టింది. అంతే. చొరబాటు అనలేదు, దురాక్రమణ అనలేదు. కోపం తెప్పించే విశేషణం ఒక్కటీ లేదు. కానీ రోడ్డు ఎటువైపు పోతోందో చెప్పారు. సైనిక శిబిరం వైపు పోయే రోడ్డు ఎందుకు వేస్తారో చదివేవాడే ఊహించుకుంటాడు.

రెండు, మూడు వాక్యాలు పాత కాగితాలను ముందుకు తెస్తాయి. సరిహద్దు తేలేదాకా శాంతి కాపాడుకుందామని, 1959 మార్చికి ముందున్న స్థితినే కొనసాగిద్దామని, ఏకపక్షంగా గానీ బలప్రయోగంతో గానీ దాన్ని మార్చవద్దని 1988లో, 1998లో చైనాయే రాతపూర్వకంగా ఒప్పుకుంది. 1959 మార్చి అంటే లాసాలో తిరుగుబాటు రేగి, దలైలామా భారత్‌కు బయలుదేరిన నెల. ఆ తర్వాత జరిగిన ఏ సైనిక కదలికా హక్కుగా చెల్లదని ఆ తేదీ ఎంపికలోనే ఉంది. నాలుగో వాక్యం ఒక్కటే గట్టిది. ఈ రోడ్డు తమ భూభాగం లోపల పడుతోందని, ఒప్పందాలకు ఇది నేరుగా విరుద్ధమని, సరిహద్దు గుర్తించే పనికి అడ్డమని, ఆ మాట అక్కడి నేల మీదా దౌత్య మార్గంలోనూ చైనాకు చెప్పామని అంటుంది. చైనాతో భూటాన్‌కు దౌత్య సంబంధాలే లేవు కనుక ఆ మార్గం ఢిల్లీలోని రాయబార కార్యాలయాల మీదుగా నడుస్తుంది.

ఇక అయిదోది. జూన్ 16కు ముందున్న స్థితి డోక్లాంలో కొనసాగుతుందని ఆశిస్తున్నాం అంటూ ముగుస్తుంది. పైకి చూస్తే మర్యాద కోసం చేర్చిన మాటలా ఉంటుంది గానీ అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. చైనా లెక్క ప్రకారం భారత సైనికులు సరిహద్దు దాటింది జూన్ 18న. అంటే 16కు ముందటి స్థితికి వెళ్లాలంటే రోడ్డు పని ఆగాలి, భారత సైనికులూ వెనక్కి రావాలి. ఒకే తేదీతో రెండు సైన్యాలనూ వెళ్లమన్నట్టయింది, ఒకరి పేరు అసలు ఎత్తకుండా.

ఆ ప్రకటనలో భారతదేశం అన్న మాట ఎక్కడా లేదు. మన సైన్యం తమ కోసమే వచ్చిందని మనం చెప్పుకొంటున్న వేళ ఆ మౌనం ఇక్కడ కొందరికి నొప్పి కలిగించింది. కానీ ఒక్క క్షణం థింఫూలో కూర్చుని ఆలోచించాలి. భారత్‌కు కృతజ్ఞతలు చెబితే, ఇద్దరి మధ్య ఉన్న సరిహద్దు తగువులోకి మూడో దేశాన్ని భూటానే పిలిచిందని చైనా పట్టుకుంటుంది. మేం పిలవలేదు అంటే, భారత సైన్యం అక్కడ నిలబడడానికి ఉన్న ఆధారమే పోతుంది. రెండూ అనలేదు కాబట్టి ఢిల్లీ ఆ ప్రకటనను తనకు అండగా చూపించుకోగలిగింది. బీజింగ్‌కు భూటాన్‌ను నిందించే అవకాశం దొరకలేదు. ఆగస్టు 2న చైనా 15 పేజీల పత్రం ప్రచురించి, ఇందులో భారత్‌కు ఏం పని అని వాదించింది. భూటాన్ దానికి ప్రకటనతో జవాబు ఇవ్వలేదు. ఆగస్టు 28న సైన్యాలు వెనక్కి తగ్గాక స్వాగతిస్తున్నామంటూ చిన్న ప్రకటన ఇచ్చి ఊరుకుంది.

ఇలాంటి దేశాల గురించి రాసేటప్పుడు అడకత్తెరలో పోకచెక్క అనేయడం మనకు అలవాటు. భూటాన్ విషయంలో ఆ మాట అన్యాయం అనిపిస్తుంది నాకు. పోకచెక్కకు చేయగలిగిందేమీ ఉండదు. భూటాన్ డెబ్భై ఏళ్లుగా ఒకదాని తర్వాత ఒక పనిని ఎంచి, సమయం చూసి, చేస్తూ వస్తోంది. ఆ క్రమంలోనే పనితనం కనిపిస్తుంది.

1949 ఆగస్టు 8న డార్జిలింగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం భూటాన్ అంతర్గత పాలనలో భారత్ జోక్యం చేసుకోదు. విదేశీ వ్యవహారాల్లో మాత్రం భారత్ సలహా మేరకు భూటాన్ నడుచుకోవాలి. బ్రిటిష్ వాళ్లతో 1910లో చేసుకున్న పునాఖా ఒప్పందం నుంచి వారసత్వంగా వచ్చిన షరతు అది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన పెద్ద దేశంతో దాని కోసం తగాదా పడలేదు భూటాన్. ఆ ఒప్పందంతోనే, బ్రిటిష్ వాళ్లు తీసుకున్న దేవంగిరి ప్రాంతంలో 32 చదరపు మైళ్లు వెనక్కి తెచ్చుకుంది. 1958లో నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు భారత్ నుంచి నేరుగా మోటారు రోడ్డు లేదు. సిక్కిం మీదుగా నాథూలా దాటి, టిబెట్‌కు చెందిన చుంబీ లోయలోంచి గుర్రాల మీద పారో చేరుకున్నారు. భూటాన్ స్వతంత్ర దేశంగానే ఉండాలన్నది భారత్ కోరిక అని అక్కడ బహిరంగంగా చెప్పారు. మరుసటి ఏడాదే టిబెట్ కుప్పకూలింది. 1960లో రాజు జిగ్మే దోర్జీ వాంగ్చుక్ తరతరాల ఉత్తర వర్తక దారులు మూసేసి దక్షిణం వైపు తిరిగారు. 1961లో తొలి పంచవర్ష ప్రణాళిక భారత్ డబ్బుతో మొదలైంది. మన దంతక్ ప్రాజెక్టు సిబ్బంది కొండలు తొలిచి ఫుంత్‌షోలింగ్ నుంచి థింఫూకు రోడ్డు వేశారు.

అంతగా భారత్ వైపు ఒరిగిన దేశం, ఆ ఒరగడం మీదే నిలబడి ప్రపంచంలోకి నడవడం మొదలుపెట్టింది. 1962లో కొలంబో ప్రణాళిక, 1969లో విశ్వ తపాలా సమాఖ్య, 1971 సెప్టెంబర్ 21న ఐక్యరాజ్య సమితి. ఏ అడుగూ భారత్‌ను దాటి వేయలేదు, భారత్ మద్దతుతోనే వేసింది. తనను పట్టుకున్న చేతినే ఊతంగా చేసుకోవడం ఇది. సమితిలో చేరిన నెల రోజులకే బీజింగ్‌కు చైనా స్థానం అప్పగించే తీర్మానం వచ్చింది. భూటాన్ అనుకూలంగా ఓటు వేసింది. ఆ డిసెంబర్ 6న బంగ్లాదేశ్‌ను గుర్తించిన తొలి దేశమూ భూటానే. ఒక ఓటు ఉత్తరానికి చేదు కాలేదు, ఒక గుర్తింపు దక్షిణానికి ఎంతో తీపి అయింది. సమితి సభ్యత్వం విలువ ఏమిటో నాలుగేళ్లలో తెలిసింది. 1975లో పక్కనున్న సిక్కిం రాజ్యం భారత్‌లో విలీనమైపోయింది.

చైనాతో సరిహద్దు మాటలు చాలాకాలం భారత్ ద్వారానే సాగాలని ఢిల్లీ ఆశించింది. 1960లో అధికారుల స్థాయి చర్చల్లో భూటాన్ ఊసెత్తడానికి చైనా ఒప్పుకోలేదు. చివరికి 1984లో భూటాన్ తానే బీజింగ్‌తో చర్చలకు కూర్చుంది. రాయబారులు లేరు, జెండాలు లేవు. అయినా ఏటేటా కూర్చున్నారు. పద్నాలుగేళ్ల తర్వాత, 1998 డిసెంబర్ 8న, భూటాన్ స్వాతంత్ర్యాన్ని, సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను సంపూర్ణంగా గౌరవిస్తామని చైనా సంతకం పెట్టింది. డోక్లాం ప్రకటనలో రెండో వాక్యంగా పనికొచ్చింది ఆ కాగితమే. మధ్యలో ఒక వల కూడా వచ్చింది. ఉత్తరాన పసమ్‌లుంగ్, జకర్‌లుంగ్ లోయల్లో 495 చదరపు కిలోమీటర్లు వదులుకుంటామని, బదులుగా పడమట డోక్లాం సహా 269 చదరపు కిలోమీటర్లు ఇమ్మని చైనా 1990 దశకంలో అడిగింది. లెక్క చూస్తే లాభమే. కానీ డోక్లాం చేజారితే సిలిగురి దగ్గరి సన్నని నడవ మీదికి, అంటే మన ఈశాన్య రాష్ట్రాలకు ఉన్న ఏకైక భూమార్గం మీదికి, చైనా చూపు నేరుగా పడుతుంది. భూటాన్ కాదని తెగేసి చెప్పలేదు, సరే అనీ అనలేదు. చర్చలు కొనసాగించింది.

భారత్ విషయంలో మరో పని చేసింది, అది నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోస్తుంది. అస్సాం, ఉత్తర బెంగాల్ తీవ్రవాద సంస్థలు భూటాన్ దక్షిణ అడవుల్లో శిబిరాలు పెట్టుకున్నాయి. ఏళ్ల తరబడి వెళ్లిపొమ్మని బతిమాలి, 2003 డిసెంబర్ 15న భూటాన్ సైన్యం తానే దిగింది. రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ స్వయంగా ముందు నడిచారు. ఉల్ఫా, ఎన్‌డీఎఫ్‌బీ, కేఎల్‌వో సంస్థల 30 శిబిరాలు ఖాళీ అయ్యాయి. ఇంకెవరి సైన్యమో తమ అడవుల్లోకి రావలసిన అవసరాన్ని ఆయన అలా తుడిచేశారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2007 ఫిబ్రవరి 8న, పాత ఒప్పందం మారింది. సలహా మేరకు నడుచుకోవడం అన్న షరతు పోయి, జాతీయ ప్రయోజనాల విషయాల్లో ఇద్దరూ సన్నిహితంగా సహకరించుకోవడం వచ్చింది. ఒకరి నేలను మరొకరికి హాని చేసే పనులకు వాడనివ్వరాదన్న నియమం ఇద్దరికీ సమానంగా పెట్టారు. భూటాన్ ఆ నియమాన్ని ముందే తన రక్తంతో పాటించి చూపింది కాబట్టి కాదనడానికి ఢిల్లీకి కారణం మిగల్లేదు.

ఇంత నేర్పున్నా దారం తెగిపోయేంత బిగిసిన సందర్భాలున్నాయి. 2012లో రియోలో ప్రధాని జిగ్మే థిన్లే చైనా ప్రధాని వెన్ జియాబావోను కలిశారు. 2013 జూలైలో, భూటాన్ ఎన్నికల ముంగిట, వంటగ్యాస్, కిరోసిన్ మీద భారత్ ఇస్తున్న రాయితీ ఆగిపోయింది. ప్రణాళిక గడువు ముగియడమే కారణమని ఢిల్లీ చెప్పింది. థింఫూ వంటిళ్లలో దాన్ని చాలామంది నమ్మలేదు. థిన్లే పార్టీ ఓడిపోయింది, రాయితీ తిరిగి వచ్చింది. కరెంటు అమ్మేదీ, రూపాయితో సమానంగా కరెన్సీ నడిపేదీ ఒకే పొరుగుతో అయినప్పుడు చేతిపని ఎంత సున్నితమైనా ఒక్క కుదుపుకు కదిలిపోగలదు.

ఈ చరిత్రలో మరో పుట ఉంది, మెచ్చుకుంటున్న వాళ్లం దాటేయకూడనిది. సిక్కింలా కలిసిపోతామేమోనన్న భయం దేశం లోపలివాళ్ల మీదికీ మళ్లింది. 1990 దశకం మొదట్లో దక్షిణాది నేపాలీ భాషీయులు, లొత్‌షంపాలు, లక్ష మంది దాకా దేశం విడిచి తూర్పు నేపాల్ శిబిరాలకు చేరారు. ఆ కుటుంబాల్లో ఎక్కువ భాగం తర్వాత అమెరికా వంటి దేశాల్లో స్థిరపడింది. బయటివాళ్లతో అంత ఓర్పుగా మాట్లాడగలిగిన రాజ్యం సొంత మనుషులతో ఆ ఓర్పు చూపలేదు.

డోక్లాం తర్వాత పని మరింత కష్టమైంది. తగువు జరిగిన చోట రోడ్డు ఆగింది గానీ, ఆ పీఠభూమిలో చైనా బలగం గట్టిపడింది. భూటాన్ తనదనే లోయల్లో చైనా ఊళ్లు లేచాయి. 2020లో చైనా తూర్పున ఉన్న సక్తెంగ్ అభయారణ్యం మీద కూడా హక్కు చెప్పింది. ఎన్నో విడతల చర్చల్లో ఎప్పుడూ రాని చోటది. భూటాన్ నిరసన తెలిపి, చర్చల బల్ల మాత్రం వదల్లేదు. 2021 అక్టోబర్ 14న మూడంచెల ప్రణాళిక మీద ఇద్దరూ సంతకాలు చేశారు. డోక్లాం విషయం మూడు దేశాలు కలిసి తేల్చాల్సిందని, ఆ మూడింట్లో చిన్నా పెద్దా లేవని 2023 మార్చిలో ప్రధాని లోటే షెరింగ్ ఒక బెల్జియం పత్రికకు చెప్పారు. ఢిల్లీలో కలకలం రేగింది. ఏప్రిల్ మొదటి వారంలో రాజు జిగ్మే ఖేసర్ ఢిల్లీ వచ్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో విదేశాంగ మంత్రి తాండీ దోర్జీ బీజింగ్ వెళ్లి, ఏడేళ్ల విరామం తర్వాత 25వ విడత సరిహద్దు చర్చలు జరిపారు. మళ్లీ రెండు వారాలైనా గడవకముందే రాజు బయలుదేరారు. ఈసారి ముందు ఢిల్లీ కాదు, గువాహటిలో దిగారు. ఒకప్పుడు తన తండ్రి సైన్యం శిబిరాలు కూల్చిన అడవులకు అవతలి వైపున, అస్సాంలోని కోక్రాఝార్ నుంచి భూటాన్‌లోని గెలెఫూకు రైలు మార్గం వేసే పని గురించి ఆ పర్యటనలోనే మాట్లాడుకున్నారు.