‘విడుచు’ – ‘విడిపించు’ : ప్రయోగ విమర్శ

అర్థము తెలిసినదే గదా యని మనము పరీక్షింపక విడుచు ధాతువులలో ‘విడుచు’ ఒకటి. వదలు, త్యజించు, మోచించు అను పర్యాయములతో దీని యర్థమును చెప్పుట పరిపాటి. పర్యాయము లన్నియు సరియైనవే. కాని చెఱసాల యధికారి ఖైదీని విడిచిపెట్టె ననినచో అది సంతోషవార్త. భర్త భార్యను విడిచిపెట్టె ననినచో దుఃఖవార్త. ఒకే ధాతువునకు ఫలమిట్లు విరుద్ధమగుట కేమి కారణ మను ప్రశ్నకు పర్యాయపదములు సమాధాన మీయవు. పరిశోధక విద్యార్థులు తాత్పర్యములు వ్రాయుచు ‘విడుచు’ కనబడిన చోటనెల్ల ‘విముక్తి కలిగించు’ అని వ్రాయుచుండుట పలుమాఱులు చూచితిని. ఈ వ్యాసమునకు ప్రేరణ మదియే.

తెనుగు ‘విడు’నకు తమిళమున ‘విడు’, కన్నడమున ‘బిడు’ సోదరులు. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) వీనిని ఒక్కచోట చేర్చినది. తమిళ ‘విడుదలై’, మన ‘విడుదల’ చూడగానే యేకోదరము లని తోచును. తమిళమున ‘వీడు’ ఇల్లును, మోక్షమును గూడ చెప్పును. మనకు ‘వీడు’ పట్టణము. తమిళ, కన్నడములలో ఈ ధాతువు మఱియొక క్రియకు తోడై పని ముగిసిన దనుటకును వచ్చును. మనకు ఆ పనిని ప్రధానముగా ‘వేయు’ చేయుచున్నది. అయినను ‘కొట్టి వదలినాడు’ వంటి లోకోక్తులలో ఆ పాత పోకడ ‘వదలు’నందు మెదలుచునే యున్నది.

ఇక ప్రధానాంశము. ముడి తనంతట విడును. మనము పట్టు విడుతుము, విడుతు మనగా విడుచుచున్నాము. ‘విడుచు’నకు ప్రేరణార్థమున ‘విడిపించు’. నడచు – నడిపించు, పిలుచు – పిలిపించు, గెలుచు – గెలిపించు అనువాని వరుసలోనిదే యిది. ‘పిలిపించు’ అనినచో పిలుచువాడు వేఱు, పిలిపించువాడు వేఱు. ఆ లెక్కను ‘విడిపించు’ అనినచో విడుచువాడు పట్టుకొన్నవాడే కావలెను. విడిపించువాడు వానిచేత విడిపించు మూడవవాడు. పల్లెలో ఈ వ్యాకరణము తప్పలేదు. పరుల చేనిలో పడిన గొడ్డును బందెలదొడ్డిలో కట్టుదురు. యజమాని రుసుము చెల్లించి దానిని ‘విడిపించు’కొనును. తాకట్టు నగను విడిపించుటయు నిట్టిదే. సొమ్ము ముట్టినది, పట్టుకొన్నవాడు చేయి విప్పినాడు.

కాని గజేంద్రమోక్షమున మకరము పట్టు విడిచినదా? లేదు. చక్రము దాని శిరస్సును ఖండించినది. అయినను హరి కరిని విడిపించెననియే మనము చెప్పుకొనుచున్నాము. కావున ‘విడిపించు’ తన ప్రేరణార్థమును కొంత కోల్పోయినది. పట్టుకొన్నవాని యిష్టముతో దానికి పని లేకపోయినది. వెల యిచ్చియైనను, బలముచేతనైనను బంధమును పోగొట్టుటయే దాని యర్థమైనది. ఆ మకరమును హూహూ వను గంధర్వుడే. దేవలుని శాపమున జలచరమైనాడు. వానికిని ఆ చక్రమే మోక్ష మిచ్చినది. అయినను హరి మకరిని విడిపించెనని యెవ్వరు ననరు, వానికి శాపము తీఱె నందురు. భాష యిచ్చట చక్కని వివేకమును చూపినది. పట్టుకొన్నవానిగా మన కంటికి కనబడినవాడు తాను పట్టువడినవా డైనను, మాట వానిని కరుణింపదు.

రాముని కథ దీనికంటె కఠినము. రావణుని చెఱనుండి రాముడు సీతను విడిపించెను. ఉత్తరకాండమున ఆ రాముడే ఆ సీతను విడిచెను. కర్త యొకడు, కర్మ యొకటి, ధాతు వొకటి. ‘పించు’ అను ప్రత్యయ మొక్కటియే రక్షణమును పరిత్యాగమునుండి వేఱుచేయుచున్నది. దీనినిబట్టి ‘విడుచు’నందు స్వేచ్ఛ యను నర్థము స్వతస్సిద్ధముగా లేదని నా యభిప్రాయము. చేయి తెఱచుకొన్న దని మాత్రమే యది చెప్పును. ఆ చేయి సంకెల యైనచో విడుచుట మేలు. ఆశ్రయ మైనచో కీడు. ‘విడిపించు’ అట్లు తటస్థము కాదు. అది పట్టును చెఱగా ముందే తీర్పు చెప్పి పిమ్మట పనికి పూనుకొనును.

సంస్కృతపు ‘విమోచన’మునకును ఈ గుణమే కలదు. హైదరాబాదు సంస్థానమునకు సంబంధించిన 1948 సెప్టెంబరు 17ను కొందఱు విమోచనదిన మనుచున్నారు, కొందఱు విలీనదిన మనుచున్నారు. మొదటి మాట పట్టినవానిని, విడిపించినవానిని తప్పక చూపును. రెండవది యిరువురను గూర్చియు మౌనము వహించును. వాదమున సగము ధాతువులోనే యున్నది.

మా కాకుమాను ప్రాంతమున కాడి దింపి ఎడ్లను ‘విప్పుదురు’; మఱునాడు మరల కట్టుదురు. ఆబోతును మాత్రము ‘విడుతురు’. దానిని మరల కట్టువారు లేరు. కృష్ణ పశ్చిమ డెల్టాలో నీరు పాఱ మొదలిడగానే ‘కాలువలు వదిలారు’ అందురు, నిలిపినప్పుడు ‘కాలువలు కట్టేశారు’ అందురు. 1855 నాటి ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినను ఈ పలుకుబడి చెక్కుచెదరలేదు. వదలబడునది నీరు, వాక్యమున కర్మ కాలువ! రైతున కీ లక్షణ యంతయు సహజము.

దస్తావేజుల భాషలో మాత్రము ఈ ధాతువు చిక్కున పడినది. ఆడుబిడ్డలు పుట్టినింటి భాగమును సోదరులకు వదలుకొనునపుడు వ్రాయుదానికి ‘హక్కు విడుదల దస్తావేజు’ అని పేరు. ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ సవరణ చట్టము (1986; 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునది) నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో జన్మతః భాగ మిచ్చినది. 2005 నాటి కేంద్రచట్టము దానిని దేశమంతటికి వ్యాపింపజేసినది. చట్టము చేతి కిచ్చినదానిని పత్రము విడిపించుకొనుచున్నది. ఆ భాష ననుసరించినచో ఆస్తి బందీ, ఆడుబిడ్డ చెఱసాల యధికారి!

మా మేనత్త యట్టి పత్రమున సంతకము చేయవలసిన దినమున నేను వెంట నుంటిని. లేఖరి ‘నా యిష్టపూర్వకముగా విడుదల చేయుచున్నాను’ అను వాక్యమును చదివి వినిపించెను. ఆమె చదువుకొన్నది కాదు. క్షణ మాలోచించి, ‘నేనేం పట్టుకున్నానయ్యా, విడిచిపెట్టడానికి?’ అని యడిగినది. ఈ వ్యాసమున నేను సాగదీసి చెప్పిన విషయ మంతయు ఆ ప్రశ్నలో నున్నది. పట్టు లేనిచోట విడుపు లేదు. ఎన్నడును అనుభవింపని దానిని ‘విడిచితి’ ననుట అపప్రయోగము. ‘ఇచ్చితి’ ననుట తగును. కాని దానపత్రము వేఱు, విడుదలపత్రము వేఱు అని న్యాయశాస్త్రము. లేఖరి మాఱు పలుకక, వ్రేలిముద్ర వేయవలసిన చోటు చూపెను.