ఆగిన మిషన్ దగ్గర పనితనం

నురగలో బట్టలుండగానే వాషింగ్ మిషన్ సగంలో ఆగిపోతే, బోర్డు పోయిందేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. మంచి మెకానిక్ వెంటనే స్క్రూడ్రైవర్ తీయడు. ముందు చెవి పెట్టి వింటాడు.

లోపలి నీళ్లు పోనిదే మిషన్ స్పిన్‌కు వెళ్లదు. అందుకే మొదటి అనుమానం డ్రెయిన్ పంపు మీదే. ప్లగ్గు పీకి, ఫ్రంట్‌లోడ్ మిషన్ అడుగున ఉండే చిన్న మూత తెరిచి, పళ్లెం పెట్టి, ఫిల్టరు మెల్లగా విప్పుతాడు. మురికినీళ్లతోపాటు రూపాయి బిళ్ల, పిన్నీసు, దారప్పోగుల ఉండ బయటికొస్తాయి. పంపు రెక్క వేలితో తిప్పి చూస్తాడు. అక్కడ లోపం లేకపోతేనే నీటిమట్టం కనిపెట్టే సన్నటి గాలి గొట్టం, తలుపు లాకు చూస్తాడు.

ఎంత ఓపికైన పని!

వేలు పోసి బోర్డు మార్చాలనకుండా, ఇరుక్కున్న బిళ్ల తీసి చేతిలో పెట్టే పనివాడు దొరికితే నంబరు రాసిపెట్టుకోండి. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.