'జీరో', 'జూ': 'జెడ్' ఉచ్చారణలో తెలుగు వ్యాకరణం - దమ్మపేట నేపథ్యంలో పరిశీలన

1. ఉపోద్ఘాతం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దమ్మపేట ప్రాంతంలో తెలుగు, కోయ భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి. ఇక్కడి తెలుగు విద్యార్థి 'జీరో', 'జూ' అనే మాటలు పలికినప్పుడు వాటి తొలి హల్లులు ఒకేలా ఉండవు. మొదటిది 'జీతం'లోని తాలవ్య జకారం. రెండవది 'ౙున్ను'లోని దంత్య ౙకారం. ఆంగ్లంలో మాత్రం రెండుచోట్లా ఉన్నది ఒకే 'జెడ్' ధ్వని. ఈ భేదాన్ని మాతృభాషా దోషంగా కొట్టివేయడం తరగతి గదుల్లో పరిపాటి. ఇది దోషం కాదని, వ్యాకరణబద్ధమైన ప్రవర్తన అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సూత్రం - అన్వయం

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం తెలుగు పదాల్లో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలు. తక్కిన అచ్చులతో కూడినవి దంత్యాలు. ఒకే క్రియలో 'ఏడ్ౘు' దంత్యంగానూ, 'ఏడ్చి' తాలవ్యంగానూ పలకడం ఇందుకు నిదర్శనం. శబ్దరత్నాకరం (1885) దంత్యాలను ప్రత్యేక చిహ్నంతో చూపింది. నేటి వాడుక రాతలో రెండింటికీ ఒకే అక్షరం మిగిలింది. ౘ, ౙలకు యూనికోడ్‌లో 2008లో స్థానం దొరికినా వాడుక పెరగలేదు.

'జెడ్' ధ్వని తెలుగులో లేదు. దానికి అతి దగ్గరి ధ్వని ౙకారం. అయితే ఈకారానికి ముందు ౙకారాన్ని తెలుగు అంగీకరించదు. అందువల్లనే 'ౙూ', 'ౙోన్' దంత్యాలైతే, 'జీరో', 'జీబ్రా' తాలవ్యాలయ్యాయి. ఇది ఆంగ్లంతో మొదలైన మార్పు కాదు. ఉర్దూ నుంచి వచ్చిన 'జిల్లా', 'ౙమీందారు' పదాల మూలంలోనూ తొలి ధ్వని ఇదే. తెలుగు వాటినీ ఇదే సూత్రంతో విడదీసింది.

3. సూత్రానికి ఉన్న పరిమితి

సూరి సూత్రాన్ని నేటి రాతకు యథాతథంగా అన్వయించలేం. 'వచ్చాడు'లో రాసేది ఆకారమైనా చకారం తాలవ్యమే. 'వచ్చినాడు' నుంచి ఏర్పడిన ఈ రూపంలో పలికే అచ్చు ఆ, ఏల నడిమిది. ఆంగ్ల పదాల్లో మరో చిక్కుంది. 'జాకెట్' అని తాలవ్యంగా పలికేవారూ, 'ౙాకెట్టు' అనేవారూ ఉన్నారు. ఇక్కడ భేదాన్ని నిర్ణయించేది పక్కనున్న అచ్చు ఒక్కటే కాదు, చదువుతో ఏర్పడిన పరిచయం కూడా. సూత్రం వర్ణపరిసరాన్ని చెప్పింది, వక్తను చెప్పలేదు.

4. ఆంగ్లభాషుల్లో భేదం

వక్తను లెక్కలోకి తీసుకున్న పరిశోధనకు విలియం లబోవ్ కృషి ప్రసిద్ధ ఉదాహరణ. 1962లో ఆయన న్యూయార్క్‌లోని మూడు దుకాణాల్లో ఉద్యోగులచేత 'ఫోర్త్ ఫ్లోర్' అనే మాటలు పలికించి, రేఫ ఉచ్చారణను గమనించారు. ఖరీదైన దుకాణంలో రేఫ ఎక్కువగా, చవక దుకాణంలో తక్కువగా వినిపించింది. న్యూయార్క్‌లో రేఫను పలకడం గౌరవచిహ్నం. ఇంగ్లండులో ప్రామాణికంగా భావించే ఉచ్చారణలో అచ్చు తరువాతి రేఫను, మరో అచ్చు రాకపోతే, వదిలివేస్తారు. అంటే గౌరవం ధ్వనిలో లేదు, దాన్ని పలికేవారి హోదాలో ఉంది. ఆంగ్లం మాతృభాషగా గలవారి భేదాన్ని 'వైవిధ్యం' అని, మన విద్యార్థి భేదాన్ని 'తప్పు' అని పిలవడం శాస్త్రీయం కాదు.

5. బోధనలో పర్యవసానం

తొలి సంవత్సరాల్లో ఈ వ్యాసకర్త కూడా కారణం చెప్పకుండా ఉచ్చారణ దిద్దినవారిలో ఒకరు. ఒక విద్యార్థి ఆ తరువాత తరగతిలో బిగ్గరగా చదవడమే మానేశాడు. దిద్దుబాటు ధ్వనిని మార్చలేదు, గొంతును ఆపింది. కోయ మాతృభాషగా గల విద్యార్థి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అతనికి తెలుగే రెండవ భాష, ఆంగ్లం మూడవది. అతని ఉచ్చారణను తెలుగు సూత్రంతోనే కొలవడం మరో తొందరపాటు అవుతుంది.

6. ముగింపు

- 'జెడ్' ధ్వని తెలుగు నోట రెండుగా చీలడం చ, జల తాలవ్య-దంత్య నియమానికి కొనసాగింపు.
- బాలవ్యాకరణ సూత్రాన్ని పరీక్షకోసం వల్లెవేయించడం కాక, విద్యార్థి సొంత ఉచ్చారణతో అన్వయించి బోధించాలి.
- కోయ, తెలుగు విద్యార్థుల ఉచ్చారణలను వేర్వేరుగా నమోదు చేసే క్షేత్ర పరిశోధన జరగాలి.

'జెడ్' పలకడం నేర్పవలసిందే. అయితే విద్యార్థి నోట ఇప్పటికే ఉన్న వ్యాకరణాన్ని గుర్తించిన తరువాతే ఆ పని మొదలు కావాలి.