పొడుపు వెనక జబ్బు

కుదురుగా ఉన్న కోళ్ల మందలో ఒక పెట్ట మీద ఉన్నట్టుండి మిగతావి ఎగబడి పొడవడం మొదలుపెడితే, పెంచేవాళ్ల చూపు ముందు పొడిచేదాని మీదికే పోతుంది. దాన్ని కసురుతారు, కర్రతో అదిలిస్తారు, రెండు రోజులు గంప కింద మూస్తారు. మరీ విసుగెత్తితే కోసి కూర వండుకుంటారు. నా దృష్టిలో ముందుగా చేతిలోకి తీసుకుని చూడవలసింది దాన్ని కాదు, దెబ్బలు తింటున్నదాన్ని. కుదురుకున్న మందలో కొత్తగా మొదలైన పొడుపును, ఇంకో కారణం తేలేదాకా, జబ్బు తాలూకు మొదటి కబురుగానే లెక్కవేయాలని నా వాదన. కోళ్ల పెంపకం పుస్తకాలు రోగాలకు ఒక అధ్యాయం, కోళ్ల కొట్లాటకు ఇంకో అధ్యాయం వేరువేరుగా పెడతాయి. పెరట్లో మాత్రం ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఇదేమీ చిన్న విషయం కాదు. 2019 పశుగణన లెక్కల్లో దేశం మొత్తం మీద పెరటి కోళ్లు 31.7 కోట్లు. అంతకుముందు 2012లో జరిగిన గణన నాటికంటే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. ఇందులో చాలా భాగం ఆడవాళ్ల చేతి మీద పెరిగేవే, వాళ్ల చేతి ఖర్చులకు అక్కరకొచ్చేవే.

కోళ్లలో పెత్తనాల వరుస ఉంటుందని పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. దాన్ని ఒక పద్ధతిలో పరిశీలించి రాసినవాడు నార్వే దేశస్థుడు తోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె. చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ, ఏది దేన్ని పొడుస్తోందో రాసుకుంటూ వచ్చి, 1922లో ఆ పరిశీలనలను జర్మన్ భాషలో ప్రచురించాడు. పై కోడి కింది కోడిని పొడుస్తుందన్న ముక్క లోకానికి బాగా గుర్తుండిపోయింది. పెంచేవాళ్లకు అంతకన్నా అక్కరకొచ్చే సంగతి ఇంకోటి ఉంది. వరుస ఒకసారి తేలిపోయాక పొడుపులు తగ్గిపోతాయి. పై పెట్ట మెడ కాస్త నిక్కించి చూస్తే చాలు, కింది పెట్ట తవుడు గిన్నె దగ్గర పక్కకు జరిగిపోతుంది. నెత్తురు కారే కొట్లాట అక్కడ అవసరమే పడదు. వరుస కుదిరింది కాబట్టే మంద ప్రశాంతంగా మేస్తుంది. కనుక అలాంటి మందలో మళ్లీ రభస మొదలైందంటే వరుసను కదిలించే మార్పు ఏదో వచ్చి ఉండాలి. కొత్త కోడిని తెచ్చి కలిపారా, చోటు ఇరుకైందా, మేత తగ్గిందా అని ముందు చూసుకోవాలి. ఇవేవీ లేనప్పుడు మిగిలేది ఆ కోళ్లలోనే ఏదో ఒకదాని ఒంట్లో వచ్చిన మార్పు.

ఆ మార్పు మిగతా కోళ్లకు ఎలా తెలుస్తుందన్నది ఆసక్తికరమైన విషయం. కోళ్లు ఒకదాన్నొకటి ఆనవాలు పట్టేది ముఖ్యంగా తలను చూసే, అందులోనూ నెత్తి మీది ఎర్ర జుట్టును చూసి. జుట్టు నిండుగా, ఎర్రగా ఉన్న కోడికి మందలో పైచోటు దక్కడం పరిశోధకులు గమనించిన సంగతే. జబ్బు పడిన పెట్టకు మొట్టమొదట వన్నె తగ్గేది ఆ జుట్టే. రంగు పాలిపోయి, కుదించుకుపోయి, కొన్నిసార్లు ఒక పక్కకు వాలిపోతుంది. మెడ లోపలికి ముడుచుకుంటుంది. ఎదురు తిరిగి నిలబడవలసిన చోట తప్పుకుని పోతుంది. నిన్నటిదాకా దీనికి దారి ఇచ్చిన పెట్టలు ఇవాళ దీన్ని పరీక్షించి చూస్తాయి. అది తిరగబడలేదని తేలగానే వరుసలో కిందికి నెట్టేస్తాయి. కోడి, వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి, అందుకే ఒంట్లో బాగులేకపోయినా బయటికి కనబడనివ్వదు. మేత చల్లగానే ఇంటివాళ్లను చూసి అదీ పరుగెత్తుకొస్తుంది, గింజను ముక్కుతో తాకుతుంది, మింగదు. పూటకు రెండుసార్లు చూసే మన కన్ను ఆ నాటకాన్ని నమ్ముతుంది. రోజంతా పక్కనే తిరిగే సాటి కోళ్లు నమ్మవు. రెక్కలు వాల్చి కునుకుతున్న కోడిని మనం పోల్చుకునే సమయానికి రోగం చాలాదూరం వెళ్లి ఉంటుంది. అంతకు ముందే మందలో మొదలైన పొడుపు మనకు చిక్కిన అదనపు గడువు.

ఈ వ్యవహారం ఇటు నుంచి అటు మాత్రమే సాగదు. పొడుపు తిన్న పెట్ట మేతకు ఆఖరున వస్తుంది, వచ్చేసరికి నూకలన్నీ అయిపోతాయి. ఎండాకాలంలో ఒకే ఒక్క నీళ్ల మూకుడు ఉంటే దాని దగ్గరికి పోనేపోదు. ఎడతెగని బెదురుతో ఒంట్లో కార్టికోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి, రోగాన్ని ఎదుర్కొనే శక్తి సన్నగిల్లుతుంది. అన్ని కోళ్లలోనూ కొద్దో గొప్పో ఉండి దేన్నీ పెద్దగా బాధించని క్రిములు దాని ఒంట్లో చెలరేగుతాయి. జబ్బు వల్ల పొడుపు, పొడుపు వల్ల ఇంకా జబ్బు. ఇందుకు కోళ్ల మశూచిని మించిన ఉదాహరణ లేదు. ఆ జబ్బు వైరస్ ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోలేదు. దోమ కుట్టిన చోటు గుండానో, ముక్కుతో పొడిచి చీల్చిన గాయం గుండానో చొరబడుతుంది. తరవాత జుట్టు మీద, కనురెప్పల మీద, ముక్కు మూలల్లో పొక్కులు లేచి, నల్లటి పెచ్చులు కడతాయి. దూరం నుంచి చూస్తే అవి అచ్చం పొడుపు గాయాల్లానే ఉంటాయి. పెంచేవాళ్లు అవి కొట్లాట దెబ్బలనుకుని పసుపు రాసి వదిలేస్తారు. మంద మాత్రం ఆ పెచ్చులను పొడిచి రాలుస్తూనే ఉంటుంది. రాలిన పెచ్చుల్లో వైరస్ నెలల తరబడి చావకుండా ఉంటుంది. దగ్గరగా పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. పొడుపు గాయం గీతలా చీరుకుని, అంచున తడి నెత్తురుతో ఉంటుంది. మశూచి పొక్కు చర్మంలోంచి ఉబికిన కాయలా గట్టిగా, గరుకుగా తగులుతుంది. కనురెప్పల మీదా, ముక్కు మూలల్లోనూ అవే కాయలు కనిపిస్తే ఇక కొట్లాట సంగతి పక్కన పెట్టవలసిందే.

కాబట్టి మొదటి పని పరీక్ష, అదీ చీకటి పడ్డాక. గూట్లో సర్దుకున్న కోడి పెనుగులాడదు. మెడ మొదట్లో మేత నిలిచే సంచిని వేళ్లతో తడమాలి. సాయంత్రం మేసిన కోడికి అది నిండుగా ఉంటుంది, ఖాళీగా ఉంటే మేత అందలేదనో, తినలేదనో అర్థం. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే ఆ కష్టం నిన్న మొన్నటిది కాదు, వారాల కిందటిది. రెక్కల కింద, రెట్ట వేసే చోట ఈకలు విడదీసి కోడి పేలు, పిడుదులు ఉన్నాయేమో వెతకాలి. రాత్రి పడిన రెట్టను పొద్దున్నే చూడాలి. ఆకుపచ్చగా, నీళ్లనీళ్లగా ఉండి, కోడి ముక్కు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే కొక్కెర తెగులుకు భయపడాలి. పిల్లల రెట్టలో నెత్తురు ఉంటే రక్తపారుడు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి పడి ఉంటే మారెక్స్ జబ్బును అనుమానించాలి. దెబ్బలు ఎక్కడ పడ్డాయన్నదీ ముఖ్యమే. తల మీద, జుట్టు మీద పడ్డవి పెత్తనం కోసం జరిగిన పోరువి. వీపు మీద, తోక మొదట్లో ఈకలు పీకి ఉంటే దాని తీరు వేరు, అక్కడ పగ కంటే గెలికే అలవాటుదే ఎక్కువ పాత్ర. గీరుకుని ఏరుకోవడానికి నేల దొరకని కోళ్లు సాటి కోడి ఈకల మీద పడతాయి. చోటు ఇరుకు, మాంసకృత్తులు తక్కువైన మేత దాన్ని ఎగదోస్తాయి. రెట్ట వేసే చోట గాయం ఉంటే గుడ్డు పెట్టేటప్పుడు లోపలి భాగం బయటికి వచ్చిందేమో చూడాలి. ఎర్రగా కనబడిన ఆ కండను మంద గంటల్లో తినేయగలదు. అది మాత్రం తెల్లారేదాకా ఆగే పని కాదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ప్రకృతి ధర్మం అది, బలహీనమైనది పోతుంది, బలమైనది మిగిలి మంద గట్టిపడుతుంది, మధ్యలో మనమెందుకు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కోళ్ల మూలపురుషుడైన అడవికోడికి ఓడిపోతే పారిపోవడానికి అడవి ఉంది. పెరటి కోడికి పారిపోయే దారి ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. అదొక్కటే కాదు, పొడుపు ఏరివేసేది రోగానికి లొంగే కోడినని ఎవరూ చెప్పలేరు. ఈకలు రాల్చుకుని కొత్తవి వేసుకుంటున్న పెట్ట, పొదుగు మీంచి దిగి చిక్కిపోయి వచ్చిన పెట్ట కూడా అదే వేగంతో కిందికి పడతాయి. వాటిలో ఏ లోపమూ లేదు. పైగా అంటురోగం ఉన్న కోడిని మంద పొడిచి చంపితే రోగం దానితో పోదు, పొడిచిన ప్రతి ముక్కుకూ అంటుకుని నిలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మా కోళ్లు పగలంతా దిబ్బల మీద, చేలగట్ల మీద తిరుగుతాయి, ఇదంతా ఇరుకు గూళ్లలో పెంచేవాళ్ల గొడవ అంటారు. పగటికి అది నిజం. అయితే మందంతా ఒకచోట చేరేది మేత చల్లినప్పుడూ, నీళ్ల దగ్గరా, రాత్రి గూట్లోనూ. పొడుపులు పడేదీ అక్కడే. మేత రెండు మూడు చోట్ల చల్లితే, రెండో నీళ్ల మూకుడు మొదటిదానికి కనబడనంత దూరంలో పెడితే, గూట్లో కూర్చునే కర్రలన్నీ ఒకే ఎత్తులో కడితే సగం రభస సర్దుకుంటుంది. ఇక నా వాదనకు లొంగని కేసులూ ఉన్నాయి. అసీల్ జాతి నెత్తురు పాలు ఎక్కువున్న కోళ్లలో పోట్లాట పుట్టుకతోనే వస్తుంది. గోదావరి జిల్లాల్లో పందేనికి పెంచే డేగ, కాకి, నెమలి పుంజులను ఎవరూ ఒకే గూట్లో ఉంచరు, ఆ జాతి పెట్టలు కూడా తక్కువేమీ కాదు. అలాంటి చోట ప్రతి పొడుపు వెనకా జబ్బును వెతకడం వృథా శ్రమ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా లాంటి బరువైన కోళ్లను చిన్న నాటు పెట్టలతో కలిపినప్పుడూ మొదట్లో తగవులు సహజం. అయినా సంతలో కొన్న కోడిని తెచ్చినరోజే మందలో వదిలే అలవాటును మాత్రం సమర్థించలేను. కొత్త కొట్లాట, కొత్త రోగం రెండూ ఆ ఒక్క తప్పుతోనే ఇంట్లోకి వస్తాయి. మూడు నాలుగు వారాలు దూరంగా పెట్టి చూసి, తరవాత కలిపితే రెండింటికీ అదే అడ్డుకట్ట.

విడిగా పెట్టడంలో ఒక మెలిక ఉంది, చాలామంది పొరపడేది ఇక్కడే. అంటురోగం కాదని తేలిన, ఒట్టి దెబ్బలే తిన్న పెట్టను మందకు కనబడేటట్టు, జాలి తెర అవతల ఉంచాలి. చూపు తెగకపోతే అది పరాయిది కాదు. పూర్తిగా కనబడకుండా కొన్ని వారాలు ఉంచి తిరిగి వదిలితే, మంద దాన్ని కొత్తగా వచ్చినదానిలా మొదటినుంచీ పరీక్షిస్తుంది. అంటురోగం అనుమానం ఉంటే మాత్రం కథ తలకిందులు. జాలి తెర చాలదు, గాలి, నీళ్లు, చెప్పులు దేనితోనూ కలవనంత దూరం పంపాలి, దాని పని ఆఖరున చూసుకుని చేతులు కడుక్కోవాలి. తిరిగి కలపడం కష్టమవుతుంది కదా అంటే, అవుతుంది. ఆ కష్టం మందంతా పోవడం కన్నా చిన్నది. కోలుకున్న పెట్టను దానితో సఖ్యంగా ఉండే ఇంకో పెట్టను తోడుచేసి, చీకటి పడ్డాక గూట్లోకి వదిలితే తెల్లవారి జరిగే గొడవ తగ్గుతుంది. పొడిచే పెట్టను కొద్దిరోజులు దూరం పెట్టడమూ కొన్నిసార్లు పనిచేస్తుంది, తిరిగొచ్చేసరికి దాని పైచోటు ఇంకోటి తీసుకుని ఉంటుంది. కోసేయడం మాత్రం దండగ. అసలు కారణం గూట్లోనే ఉంటే రెండోది దాని పని అందుకుంటుంది.

మిగిలింది డబ్బు మాట. ఒక్క కోడికి ఇంత పరీక్షా, ఇంత కాపలా ఏమిటి, కునుకుతుంటే కోసుకుంటే పోలా అని అడుగుతారు. పేద ఇంట్లో ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. కానీ జబ్బు కోడిని కోసిన చోట పడిన ఈకలు, పేగులు దిబ్బ మీదికి చేరతాయి, ఊరి కోళ్లన్నీ ఆ దిబ్బ మీదే గీరుకుంటాయి. జబ్బు తగిలిందని తెలిసి గబగబా సంతలో అమ్మేసిన కోళ్లతో కొక్కెర పక్క ఊరికి పోతుంది. కోళ్లు వరసబెట్టి చనిపోతుంటే ముట్టుకోవడమే ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ల నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ ప్రయోగశాల తేల్చినప్పుడు ఆ సంగతి అందరికీ అనుభవంలోకి వచ్చింది. అలాంటప్పుడు పశువైద్యుడికి కబురు చేయాలి తప్ప కత్తి తీయకూడదు. కొక్కెర తెగులు టీకా విషయంలో పేద ఇంటి ఇబ్బంది నిజమైనదే. మొదటి వారంలో కంట్లో వేసే లసోటా, రెండు నెలలకు ఇచ్చే ఆర్టుబి ఖరీదైనవి కావు, కానీ సీసాలు వందల డోసుల లెక్కన వస్తాయి. చల్లగా ఉంచాలి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే ఆ సీసా కొనలేదు, కొన్నా మిగిలింది పారబోయాలి. వీధిలో పది పదిహేను ఇళ్ల కోళ్లను ఒకే రోజు తెల్లవారుజామున, గూళ్ల తలుపులు తీయకముందే, లెక్క కట్టి ఉంచితే ఒక సీసా సరిపోతుంది. పశుసంవర్ధక సహాయకుడు ఉన్న ఊళ్లలో ఆ రోజును అతనితో కలిసి ఖాయం చేసుకోవచ్చు. ఎండలు ముదరకముందే, మాఘ మాసం దాటకుండా, మొదటి విడత పూర్తయితే మంచిది.