పలకల ఊళ్లో సుద్దముక్క

మార్కాపురం అంటే పలకలు. పలకలున్న ఊళ్లో సుద్దముక్కకు కొదవేముంది? అందుకే క్రొమటోగ్రఫీ చెప్పాల్సివస్తే నేను ప్రొజెక్టర్ జోలికి పోను. సుద్దముక్క అడుగుకు ఒక సెంటీమీటరు పైన నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసి, గిన్నెలో గీతకు తగలనన్ని నీళ్లు పోసి నిలబెడతాను. నీళ్లు పైకి పాకేకొద్దీ నలుపు విరిగి నీలం, గులాబీ, పసుపు బయటపడతాయి. ఏయే రంగులన్నది పెన్ను కంపెనీని బట్టి.

ఈ విద్యకు ఆద్యుడు, రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ కూడా సుద్దనే నమ్ముకున్నాడు. సన్నటి గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి, ఆకుల సారం పోసి, పైనుంచి ద్రావణి వదిలాడు. పత్రహరితం రెండు రకాలుగా, పసుపు వర్ణకాలు వేరుగా పట్టీలు కట్టాయి. 1906లో అచ్చయిన ఆ పనిని చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు.

పిల్లల కళ్లన్నీ కదిలే రంగుల మీదే. నేను కదలని సుద్దను చూడమంటాను. దాన్ని గట్టిగా అంటిపెట్టుకున్న రంగు వెనకబడుతుంది, నీళ్లకు లొంగేది ముందుకు పోతుంది. ఇది అధిశోషణం. పట్టి ఉంచేది ద్రవపు పొర కూడా కావచ్చని 1941లో మార్టిన్, సింజ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు, 1952లో నోబెల్ అందుకున్నారు. వాయువుతో నడిపిస్తే గ్యాస్ క్రొమటోగ్రఫీ, ద్రవాన్ని పంపుతో ఒత్తిడి పెట్టి తోస్తే హెచ్‌పీఎల్‌సీ. ఇక్కడ బీఎస్సీ చేసి హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో చేరిన పిల్లలకు షిఫ్టంతా దాని ముందే.

సుద్దముక్క ప్రయోగాన్నే కాగితం మీద చేసేటప్పుడు మొదటి గీత పెన్సిల్‌తోనే గీయాలి. పెన్నుతో గీస్తే గీత కూడా పైకి పాకుతుంది. విడదీయాల్సిన రంగు పర్మనెంట్ మార్కర్‌ది అయితే నీళ్లకు కదలదు, స్పిరిట్ కావాలి.

ఈ పద్ధతి మా నీళ్లకూ పనికొస్తుంది. మార్కాపురం ఉన్న ఈ పడమటి ప్రకాశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది! తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని కొలిచే పద్ధతుల్లో అయాన్ క్రొమటోగ్రఫీ ఒకటి. ఫ్లోరైడ్‌ను తీసేసే ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ అల్యూమినా గొట్టానికీ త్స్వెత్ గొట్టానికీ చుట్టరికం ఉంది. కాకపోతే ప్రయోగశాలలో పట్టినదాన్ని వరసగా వదలాలి, ఇక్కడ అసలు వదలకూడదు. అల్యూమినా నిండాక కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేస్తే గానీ మళ్లీ పట్టదు. నిండిన సంగతి తాగేవాళ్లకు తెలియదు, ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు మరి. ఫిల్టర్ ఎప్పుడు పెట్టారని కాదు, చివరిసారి ఎప్పుడు కడిగారని అడగండి.